ఇంట్లో మాట వినే కుక్క, గేటు దాటితే పిలిచినా ఎందుకు రాదు?

మీ ఏడు నెలల కుక్క హాల్లో 'కూర్చో' అంటే టక్కున కూర్చుంటోందని, బయటికి తీసుకెళ్తే మాత్రం పదిసార్లు పిలిచినా తిరిగి చూడట్లేదని రాశారు. అది పొగరు కాదండీ. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట కూడా వర్తిస్తుందని కుక్కకి దానంతట అదే తట్టదు. హాల్లో వచ్చిన పాఠాన్ని వరండాలో, మెట్ల దగ్గర, గేటు బయట మళ్లీ మొదటినుంచి చెప్పాలి. ప్రతి కొత్త చోటా ముందుకన్నా త్వరగానే పట్టుకుంటుంది.

పదిసార్లు పిలవడం మాత్రం వెంటనే మానేయండి. పిలిచాక ఏమీ జరక్కపోతే ఆ పిలుపుకి అర్థం లేదని కుక్క నేర్చుకుంటుంది. ఇప్పటికే 'రా' అనే మాట అరిగిపోయి ఉంటే దాన్ని వదిలేసి కొత్త మాటో, ఈలో పెట్టుకోండి.

తాయిలం బఠాణీ గింజంత ఉంటే చాలు. నమలకుండా మింగేసేంత మెత్తగా ఉండాలి, లేకపోతే ప్రతిసారీ పాఠం ఆగిపోతుంది. ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన చికెన్ బాగా పనిచేస్తుంది. ఆ మేరకు భోజనం తగ్గించండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి కుక్కలకి విషం. ఒక్కో పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు.

పిలుపు నేర్పేటప్పుడు మొదట రెండు అడుగుల దూరంలో, ఇంట్లోనే పిలవండి. వచ్చాక తాయిలం మీ కాళ్ల దగ్గరే ఇస్తూ రెండో చేత్తో మెడపట్టీ పట్టుకుని వదిలేయండి. ఈ పట్టుకోవడం చాలామంది నేర్పరు. దానివల్లే కుక్క దగ్గరదాకా వచ్చి, చెయ్యి చాపగానే తప్పించుకుంటుంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు వెంటనే వస్తుంటేనే దూరం పెంచండి. ఆ తర్వాత బయట, ఐదు నుంచి పది మీటర్ల పొడవాటి తాడుతో. తాడుని మెడపట్టీకి కాకుండా ఛాతీ పట్టీకి కట్టాలి, పరుగు మీద ఒక్కసారిగా ఆగితే మెడకి దెబ్బ తగులుతుంది. తాడు మీ వేళ్లకి చుట్టుకోకండి.

స్నానానికో, తిట్టడానికో, ఆట ముగించడానికో ఆ పిలుపు మాట వాడకండి. వాటికి మీరే వెళ్లి తీసుకురండి. పార్కులో ఐదారుసార్లు పిలిచి, తాయిలమిచ్చి, మళ్లీ ఆడుకోమని వదిలేస్తే పిలుపంటే ఇంటికెళ్లడమని అది అనుకోదు. ఎంత ఆలస్యంగా వచ్చినా కొట్టకూడదు, కసరకూడదు. కుక్క ఆ దెబ్బని ముడిపెట్టుకునేది పారిపోవడంతో కాదు, మీ దగ్గరికి రావడంతోనే.

'కూర్చో' కూడా బయట కొత్తగా చెప్పాలి కాబట్టి: తాయిలం ముక్కు దగ్గర పెట్టి, తల మీదుగా నెమ్మదిగా వెనక్కి జరపండి. వెనకభాగం నేలకి తగిలిన సెకనులోపే 'శభాష్' అని తాయిలం ఇవ్వండి. ఎగురుతుంటే మీ చెయ్యి మరీ ఎత్తులో ఉన్నట్టు, వెనక్కి నడుస్తుంటే గోడ మూలకి ఆనించి చెయ్యండి. నడుం నొక్కి కూర్చోబెట్టవద్దు. నాలుగైదుసార్ల తర్వాత ఖాళీ చేత్తో అదే సైగ చెయ్యాలి, లేకపోతే తిండి కనిపిస్తేనే వినడం అలవాటవుతుంది. మాట ముందు, ఒక సెకను ఆగి సైగ. రెండూ కలిపి చేస్తే కుక్క సైగనే చూస్తుంది, మాట చెవికెక్కదు.

'ఆగు' అనే మాట నేర్పేటప్పుడు సమయం, దూరం, చుట్టూ సందడి, ఈ మూడింటిలో ఒకసారికి ఒకటే పెంచండి. దూరం పెంచిన రోజు సమయం తగ్గించండి. తాయిలం మీరే కుక్క దగ్గరికి తిరిగి వెళ్లి ఇవ్వాలి, దాన్ని పిలిచి ఇస్తే కుక్క ఆగడం మానేసి పిలుపు కోసం ఎదురుచూస్తుంది.

ఇవన్నీ కుదిరేదాకా బయట తాడు విప్పకండి. ఎప్పుడైనా చెయ్యి జారి పరిగెత్తితే వెంటపడొద్దు, దానికది ఆటైపోతుంది. దాని పేరు పిలిచి మీరే ఎదురు దిక్కుకి పరుగెత్తండి, చాలా కుక్కలు వెనకే వస్తాయి.