ఎలైట్ డేంజరస్‌లో జాయ్‌స్టిక్ కర్వ్ ఎంత పెట్టాలి? (ముందు ఆ థ్రస్టర్ల సంగతి చూడండి)

ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్ష నౌకల గేమ్‌లో స్టిక్ కాస్త కదిపితే చాలు గురి దాటిపోతోంది, స్టేషన్‌లోకి దూరేటప్పుడు షిప్ ఊగిపోతోంది, కర్వ్ ఎంత పెట్టాలి అని అడిగారు. అసలు ఈ గేమ్ సెట్టింగుల్లో కర్వ్ (స్టిక్ ఎంత కదిపితే షిప్ ఎంత స్పందించాలో మార్చే సర్దుబాటు) అనేదే లేదు. ఒక్కో యాక్సిస్‌కు (అంటే స్టిక్ కదిలే ఒక్కో దిశకు) డెడ్‌జోన్, అంటే నడిమి దగ్గర కదలికను పట్టించుకోని భాగం ఉంటుంది, దిశ తిరగేసే ఆప్షన్ ఉంటుంది, అంతే. కర్వ్ కావాలంటే స్టిక్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవాలి, లేదా జాయ్‌స్టిక్ గ్రెమ్లిన్ లాంటి ప్రోగ్రాం వేసుకోవాలి. కానీ ఈ ఊగిపోవడానికి కారణం చాలావరకు కర్వ్ కాదు. పక్కకీ పైకీ జరిపే థ్రస్టర్లు బటన్ల మీద ఉండిపోవడం.

గేమ్‌లోని కొరియోలిస్ రకం స్టేషన్ ద్వారం దగ్గర జరిగేది నిదానంగా చూడండి. స్టేషన్ తిరుగుతూ ఉంటుంది. ఆకుపచ్చ దీపాలు మీ కుడివైపుకు వచ్చేలా రోల్ చేసుకుని (షిప్‌ను పక్కకు దొర్లించి) లోపలికి వెళ్లాలి. షిప్ ముక్కు సరిగ్గా లోపలికే చూస్తోంది, కాకపోతే షిప్ మొత్తం ఉండాల్సిన చోటి కంటే నాలుగైదు మీటర్లు కిందికి ఉంది. ఇక్కడ చాలామంది స్టిక్ వెనక్కి లాగుతారు. ముక్కు పైకి లేస్తుంది, తోక మాత్రం కిందికి పోయి అంచును గీరుతుంది. కంగారులో స్టిక్ ముందుకు తోస్తే ఈసారి ముక్కు తగులుతుంది. ఆగుదామని థ్రాటిల్ (వేగం పెంచి తగ్గించే లివర్) లాగితే సున్నా దాటి షిప్ వెనక్కి పోవడం మొదలవుతుంది. ద్వారంలో అలా తచ్చాడుతుంటే స్టేషన్ ముందు హెచ్చరిస్తుంది, ఆ తర్వాత కాల్చేస్తుంది. నిజానికి అక్కడ స్టిక్ ముట్టుకోనే అక్కర్లేదు. పైకి తోసే థ్రస్టర్‌ను అర సెకను, అదీ పావు వంతు బలంతో వాడితే సరిపోయేది. ఆ థ్రస్టర్ బటన్ మీద ఉంటే పావు వంతు అనే మాటే ఉండదు, నొక్కితే పూర్తి బలం, వదిలితే సున్నా. ఊపు అక్కడి నుంచే వస్తోంది. దానికి పిచ్ (ముక్కును పైకీ కిందికీ తిప్పడం) మీద కర్వ్ పెట్టుకుంటే ఏం లాభం?

కాబట్టి ముందు యాక్సిస్‌లు సరిగ్గా పంచుకోండి. స్టిక్ అడ్డంగా రోల్, నిలువుగా పిచ్, ట్విస్ట్‌కు (స్టిక్‌ను మెలితిప్పడానికి) యా, అంటే ముక్కును ఎడమకూ కుడికీ తిప్పడం. విమానం ఆటలకు అలవాటుపడని వాళ్లు యాను అడ్డం యాక్సిస్ మీద పెట్టుకుని, ఈ షిప్ తిరగదేంటని తిట్టుకుంటుంటారు. ఈ గేమ్‌లో యా కావాలనే బలహీనంగా ఉంచారు. రోల్ చేసి పిచ్ లాగితేనే షిప్ చురుగ్గా తిరుగుతుంది. థ్రాటిల్ మీద బొటనవేలికి అందే చిన్న అనలాగ్ స్టిక్ ఉంటే, దాని అడ్డానికి లేటరల్ థ్రస్ట్, నిలువుకు వర్టికల్ థ్రస్ట్ ఇవ్వండి. పెట్టె మీద ఎన్ని బటన్లు ఉన్నాయో గొప్పగా అచ్చు వేస్తారు కానీ, కొనేటప్పుడు లెక్కపెట్టాల్సింది యాక్సిస్‌లను.

ఆ చిన్న స్టిక్ లేకపోయినా దారి ఉంది. కంట్రోల్స్‌లో ల్యాండింగ్ ఓవర్‌రైడ్స్ అని వేరే భాగం ఉంటుంది, ల్యాండింగ్ గేర్ దించినప్పుడు మాత్రమే అది పనిచేస్తుంది. అక్కడ ట్విస్ట్‌ను లేటరల్ థ్రస్ట్‌కు ఇచ్చేయండి. ప్యాడ్ మీద దిగేటప్పుడు యా కంటే పక్కకు జరగడమే ఎక్కువ అవసరం. గేర్ ఎత్తగానే ట్విస్ట్ మళ్లీ యా అయిపోతుంది.

థ్రాటిల్ రేంజ్‌లో రెండు రకాలున్నాయి. ఫుల్ రేంజ్‌లో లివర్ సగం దగ్గర సున్నా, వెనక్కి లాగితే రివర్స్. ఫార్వర్డ్ ఓన్లీలో అడుగున సున్నా, రివర్స్‌కు వేరే బటన్. మధ్యలో టక్కున ఆగే గాడి లేని లివర్‌కు ఫుల్ రేంజ్ పెట్టుకోవడం చేతులారా తెచ్చుకునే తలనొప్పి. సున్నా ఎక్కడుందో వేలికి తెలియదు, పైన చెప్పిన ద్వారం గొడవ సగం ఇందువల్లే. ఫార్వర్డ్ ఓన్లీ పెట్టుకుని, రివర్స్‌ను చూపుడువేలికి అందే బటన్‌కు ఇవ్వండి. ఇంకో లాభం కూడా ఉంది. స్పీడ్ గేజ్‌లో షిప్ బాగా తిరిగే నీలం భాగం నడిమధ్యన ఉంటుంది కాబట్టి, లివర్ సగంలో పెడితే అందులోనే ఉంటారు. ముప్పావు దగ్గర చిన్న టేపు ముక్క అంటించండి. సూపర్‌క్రూజ్‌లో (దూరాలకు అతి వేగంగా వెళ్లే పద్ధతిలో) చేరాల్సిన చోటికి 7 సెకన్లు అని చూపించినప్పుడు థ్రాటిల్ 75 శాతానికి తెస్తే దాటిపోకుండా ఆగొచ్చు.

వేగం సున్నా చేసే బటన్ కూడా పెట్టుకోండి, అయితే దీన్లో ఒక మెలిక ఉంది. బటన్ నొక్కి ఆపాక లివర్ యాక్సిస్ ఏమాత్రం వణికినా, గేమ్ మళ్లీ లివర్ ఉన్నచోటి వేగానికి వెళ్లిపోతుంది. ఆగిన షిప్ తనంతట తాను కదిలితే గేమ్‌ను తిట్టకండి, లివర్ లోపల దాని స్థానాన్ని రాపిడితో కొలిచే పొటెన్షియోమీటర్ అరిగి ఉంటుంది లేదా దుమ్ము పట్టి ఉంటుంది. అయస్కాంతంతో కొలిచే హాల్ సెన్సర్‌లో రాపిడి ఉండదు కాబట్టి ఆ బాధ తక్కువ.

ఇక డెడ్‌జోన్. అందాజాగా 10, 15 పెట్టేయకుండా కొలిచి పెట్టండి. విండోస్ రన్‌లో జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని కొట్టి, స్టిక్ ప్రాపర్టీస్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి, క్యాలిబ్రేట్ నొక్కి, రా డేటా చూపించే గడిలో టిక్ పెట్టండి. స్టిక్‌ను ఎడమ చివరకు తోసి వదిలి ఎక్కడ నిలిచిందో చూడండి, తర్వాత కుడి నుంచి వదిలి చూడండి. 0 నుంచి 1023 వరకు చూపించే యాక్సిస్ ఒకసారి 500 దగ్గర, ఒకసారి 524 దగ్గర నిలిచిందనుకోండి. నడిమికి అటూఇటూ 12, అంటే సగం దూరంలో 2.3 శాతం. డెడ్‌జోన్ 3 లేదా 4 చాలు. ట్విస్ట్‌కు మాత్రం 8 నుంచి 10 ఇవ్వండి, ఎందుకంటే రోల్ చేసేటప్పుడు మణికట్టు తెలియకుండానే కాస్త మెలి తిరుగుతుంది. కొలిచాక క్యాలిబ్రేషన్ సేవ్ చేయకుండా క్యాన్సిల్ కొట్టండి. తమంతట తామే సరిచేసుకునే స్టిక్‌ల మీద విండోస్ క్యాలిబ్రేషన్ పడితే చివర్లు అందకుండా పోవచ్చు. ఇప్పటికే పడి ఉంటే అక్కడే రీసెట్ బటన్ ఉంది.

డెడ్‌జోన్ ఒక్కచోటే పెట్టాలి. స్టిక్ సాఫ్ట్‌వేర్‌లో 5, గేమ్‌లో ఇంకో 5 పెడితే నడిమి చచ్చుబడిపోతుంది. మీరు తోస్తూ పోతారు, ఏమీ జరగదు, ఒక్కసారిగా షిప్ దూకుతుంది. ‘స్టిక్ మరీ సున్నితంగా ఉంది’ అనే ఫిర్యాదులకు ఇదీ ఒక మూలం. మరీ తక్కువ పెట్టినా తిప్పలే. ఫ్లైట్ అసిస్ట్ (షిప్‌ను తనే నిలకడగా ఉంచే సాయం) ఆన్‌లో ఉంటే, స్టిక్ వదిలితే షిప్ తిరగడం తనే ఆపుతుంది. ఆఫ్‌లో స్టిక్ నడిమి నుంచి ఒక్క శాతం జరిగి ఉన్నా షిప్ మెల్లగా తిరుగుతూనే ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక కూడా కర్వ్ కావాలంటే పిచ్‌కు, రోల్‌కు మాత్రమే పెట్టుకోండి. స్టిక్ సగం తోస్తే 35 నుంచి 40 శాతం వెళ్లేలా ఉంటే చాలు. థ్రాటిల్‌కు వద్దే వద్దు, టేపు గుర్తు అబద్ధమైపోతుంది. గ్రెమ్లిన్ వాడితే వీజాయ్ (నకిలీ జాయ్‌స్టిక్‌ను సృష్టించే ప్రోగ్రాం) కూడా వేసుకోవాలి. అప్పుడు గేమ్‌కు అసలు స్టిక్, నకిలీ స్టిక్ రెండూ కనిపించి, ఒకే కదలిక రెండుసార్లు పడుతుంది. హిడ్‌హైడ్ (HidHide) అనే ప్రోగ్రాంతో అసలుదాన్ని దాచేయండి.

చివరగా, ఇంత కష్టపడి పెట్టుకున్నది ఒక్కరోజులో పోయే తీరు. స్టిక్ గుచ్చకుండా గేమ్ తెరిస్తే మీ ప్రీసెట్ (దాచుకున్న సెట్టింగ్) లోడ్ కాదు, మామూలు కీబోర్డ్ సెట్టింగ్ వచ్చేస్తుంది. అప్పుడు కంగారుపడి అక్కడే ఏదో ఒకటి మార్చి అప్లై కొట్టారా, మీ కస్టమ్ ఫైల్ మీద కొత్తది రాసేస్తుంది. ఏమీ ముట్టుకోకుండా గేమ్ మూసి, స్టిక్, థ్రాటిల్ గుచ్చి మళ్లీ తెరవండి. లోకల్ యాప్‌డేటాలో ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్, ఎలైట్ డేంజరస్, ఆప్షన్స్, బైండింగ్స్ వరుసలో వెళ్తే ఆ ఫైల్ దొరుకుతుంది, దాని కాపీ ఒకటి వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఆట మధ్యలోనే స్టిక్ మాయమవుతుంటే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఆపేయొచ్చనే టిక్ తీసేయండి. సొంత కరెంటు లేని హబ్‌లో రెండూ కలిపి గుచ్చి ఉంటే, ఒకదాన్ని నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి.