స్కూబా, మునక, జలస్తంభనం

సందేహం: ‘స్కూబా డైవింగ్’ను ఒక వ్యాసంలో ‘జలస్తంభన విద్య’ అన్నారు. మరోచోట ‘ఆక్సిజన్ సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దూకడం’ అని రాశారు. ఏది సరైనది? స్కూబా అనేది దీన్ని కనిపెట్టినవారి పేరా? – ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: స్కూబా మనిషి పేరు కాదు. రాడార్, లేజర్‌ల లాగే ఇంగ్లిషు మాటల తొలి అక్షరాల కూర్పు. నీటి అడుగున ఊపిరికి కావలసినదంతా తనలోనే ఉన్న పరికరమని అర్థం. అమెరికా వైద్యుడు క్రిస్టియన్ లాంబర్ట్‌సన్ 1950ల తొలినాళ్లలో పెట్టిన పేరిది.

‘దూకడం’ గురించి ఒక్క మాట. ఇంగ్లిషువాడు గట్టు మీంచి దూకినా, అడుగుకు వెళ్లినా ‘డైవ్’ అనే అంటాడు. మనకు దూకు వేరు, మునుగు వేరు. ఉన్న తేడాను చెరుపుకోవడం దేనికి?

అసలు మనవాళ్లకు ‘మునుగు’ అంటేనే భయం పట్టుకుంది. కొంపలు మునగడం, పుట్టి మునగడం చెవుల్లో మోగుతుంటాయి కాబోలు. కానీ ఇది ఎంత పాత మాట! తమిళంలో మూళ్గు, కన్నడంలో ముళుగు దీని తోబుట్టువులు. అలుగు నుంచి అలక వచ్చినట్టే మునుగు నుంచి మునక వచ్చింది. గోదావరిలో మూడు మునకలు వేసి వచ్చామనే అమ్మమ్మ మాటలో ప్రమాదం ఏముంది? ప్రమాదమంతా ‘పోవు’లో ఉంది. మునిగినవాడు తేలతాడు, మునిగిపోయినవాడు తేలడు. ఒక్క సహాయక్రియతో తెలుగు ఇంత తేడా చూపిస్తుంటే, దాన్ని వదిలేసి ‘డైవ్ చేశాడు’ అంటున్నాం. తమిళులు ముత్యాల వేటను ‘ముత్తుక్కుళిత్తల్’ అంటారు. కుళి అంటే మునక, స్నానం. రెండూ వాళ్లకు ఒకే మాటలో ఒదిగాయి.

ఇక జలస్తంభనం. భారతంలో దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో, అంటే మడుగులో, దాక్కున్నప్పుడు చేసిన పని అది. మాయతో నీటిని స్తంభింపజేశాడు. అంటే అక్కడ కట్టుబడింది నీరు. మన వ్యాసకర్తలు దాన్ని ‘ఊపిరి బిగబట్టడం’గా మార్చి స్కూబాకు అంటించారు. ఇది భాషకే కాదు, ప్రాణానికీ చేటు. స్కూబాలో మొదటి నియమం ఊపిరి బిగబట్టకూడదన్నదే. పది మీటర్ల లోతున ఒత్తిడి నీటిపైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ రొమ్ము నిండా గాలి పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలుగా ఉబ్బి ఊపిరితిత్తుల్ని చీలుస్తుంది.

‘ఆక్సిజన్ సిలిండర్’ అంతకన్నా పెద్ద తప్పు. మామూలు స్కూబా సిలిండర్లో ఉండేది గాలి, అందులో ప్రాణవాయువు 21 శాతమే. ఇంగ్లండులో హెన్రీ ఫ్లూస్ 1878లో శుద్ధ ఆక్సిజన్‌తో నడిచే పరికరం చేశాడు. ఒత్తిడి పెరిగితే ఆక్సిజనే విషమవుతుందని ఫ్రాన్సులో పాల్ బెర్ట్ చూపింది కూడా ఆ ఏడే. దాదాపు ఆరు మీటర్లు దాటి శుద్ధ ఆక్సిజన్ పీలిస్తే మూర్ఛ రావచ్చు. నీటిలో మూర్ఛ వస్తే నోట్లోని గొట్టం జారుతుంది, ఆపైన ‘మునిగిపోవడమే’.

గాలి లెక్క కూడా తెలుసుకోండి. బారు ఒత్తిడికి కొలత, నీటిపైన మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి దాదాపు ఒక బారు. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్లకు నింపితే 2,400 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు 20 మీటర్ల లోతున మూడింతలు, అంటే 60 లీటర్లు వాడతాడు. తిరుగు ప్రయాణానికి 50 బార్లు మిగుల్చుకుంటే చేతికొచ్చేది అరగంట.

ఈ గాలిని పొదుపుగా అందించడమే పెద్ద చిక్కయింది. ఫ్రెంచి నౌకాధికారి లె ప్రియూర్ 1933 నాటి పరికరంలో గాలి చేతి కవాటంతో (వాల్వుతో) వచ్చేది, పీల్చినా పీల్చకపోయినా పోయేది. పీల్చినప్పుడే గాలి ఇచ్చే ఉపాయం ఫ్రాన్సులో 1860లలోనే రుకేరోల్, డెనరూజ్‌లకు తట్టింది గాని, నాటి సిలిండర్లు అధిక ఒత్తిడికి ఆగేవి కావు. 1943లో ఫ్రెంచి నౌకాధికారి జాక్ కుస్తో, ఇంజినీరు ఎమిల్ గాన్యాఁ దాన్ని సాధించారు. యుద్ధకాలపు కొరతలో కార్లను గ్యాస్‌తో నడిపేందుకు గాన్యాఁ చేసిన కవాటమే దానికి మూలం. ఫ్రాన్సులోని మార్న్ నదిలో తొలి పరీక్షలో కుస్తో అడ్డంగా ఈదితే అది చక్కగా పనిచేసింది. నిలువుగా ఉంటే గాలి బుసబుసా పారిపోయింది, తలకిందులైతే అందనే లేదు. వదిలిన గాలి పోయే ద్వారం, గాలి ఇచ్చే కవాటం ఎడంగా ఉండడంతో రెండింటి మీదా నీటి ఒత్తిడి వేరువేరుగా పడింది. రెండింటినీ ఒకే మట్టానికి తెచ్చాక చిక్కు విడిపోయింది.

కాబట్టి ‘స్కూబా’ను అలాగే ఉంచి, ‘డైవింగ్’ బదులు ‘మునక’ వాడమంటాను: స్కూబా మునక. మనిషిని ఈతగాడు వరసలో ‘మునకగాడు’ అనవచ్చు. ‘గాడు’లో మన్నన తక్కువనిపించేవారు ‘డైవరు’ అన్నా నేను అడ్డు చెప్పను. ‘గజ ఈతగాళ్లు’ మాత్రం వద్దు. అది ఏ పరికరమూ లేకుండా చెరువుల్లో, కాలువల్లో దిగి వెతికేవారి పేరు, వారికే ఉండనివ్వండి.