బాలింత పథ్యం, బిడ్డ మెదడు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి కోడలికి పెద్దత్తయ్య ఆశీర్వదించి రాయునది.

విజయవాడలో మీ పుట్టింటివారు నీకు కారప్పొడి, నెయ్యి, పాతబియ్యపు అన్నంతో పథ్యం పెడుతున్నారనీ, బిడ్డకు జలుబు చేస్తుందని పాలు, పెరుగు మాన్పించారనీ మావాడు చెబితే తెలిసింది. శొంఠీ వెల్లుల్లీ నేనూ తిన్నదాన్నే, వాటిని తప్పుపట్టను. కానీ గుడ్డు, చేప ముట్టని మన ఇళ్లలో బి12 విటమిన్ దొరికేది పాడి వల్లనే గనుక, అదీ మానేస్తే నీ పాలలోనూ ఆ విటమిన్ తగ్గిపోతుంది. మెదడులో నరాల చుట్టూ మైలిన్ అనే పొర ఏర్పడటానికి అది కావాలి. తల్లికే కొరత ఉంటే బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న కాస్తా నాలుగైదు నెలలకే అయిపోతుంది.

మా చెల్లెలి మనవడు ఐదో నెలలో బోర్లాపడ్డాడు, ఏడో నెలకు అదీ మానేశాడు. గిలక ఆడించినా అటు తిరిగేవాడు కాదు. బొద్దుగా ఉన్నాడు గదా, నెమ్మదస్తుడని సర్దిచెప్పింది నేనే. వేళ్ల కణుపులు మసి అంటినట్టు నల్లబడితే సున్నిపిండితో రుద్దాను కూడా. రక్తపరీక్షలో తల్లీబిడ్డలిద్దరికీ బి12 తక్కువని తేలి, ఇంజెక్షన్లు మొదలుపెట్టాక వారం తిరక్కముందే తల్లి ముఖం చూసి నవ్వాడు గానీ, మాటలు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి.

కాబట్టి పాలివ్వడం ఆపవద్దు. రేపటి నుంచే పాలు, గట్టి పెరుగు తినడం మొదలుపెట్టు. గోంగూర తింటే రక్తం పడుతుందంటారు, తిను, కానీ అందులో బి12 ఉండదు. కడుపుతో ఉన్నప్పుడు ఇచ్చిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రల్లోనూ అది లేదు. పైగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తూనే లోపల నరాలు దెబ్బతింటూ ఉండవచ్చు. పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 3 మైక్రోగ్రాములు కావాలి. ఇప్పటికే కొరత ఉంటే పాలూ పెరుగూ చాలవు, మాత్రో ఇంజెక్షనో డాక్టరుగారే నిర్ణయించాలి. మాత్రలు మొదలుపెట్టకముందే నీకు పరీక్ష చేయించు. మామూలుగా బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు వస్తే కొరత కిందే లెక్క.

బిడ్డ నవ్వడం తగ్గినా, మెడ మళ్లీ వాలినా, చేతులు వణికినా ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లు. మీ అమ్మగారికి నొప్పి కలగకుండా పెరుగు మాట నేనే ఫోనులో చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దత్తయ్య