పైకి బాగానే ఉన్న గుర్రానికి కూడా నట్టల మందు వెయ్యాలా?

కొత్తగా గుర్రం కొన్నాం, బాగానే తింటోంది, హుషారుగా ఉంది, అయినా నట్టల మందు అవసరమా, గుర్రాలకి పురుగులు అంత కామనా అని అడిగారు కదండి. మా తాత జట్కా తోలేవాడు, ఇప్పుడు మాకు రాజమండ్రి దగ్గర పెళ్లి ఊరేగింపులకి తిప్పే గుర్రాలు నాలుగున్నాయి, ఆ అనుభవంతో చెప్తున్నా.

కామనే. గడ్డి మేసే గుర్రంలో అసలు పురుగే లేకపోవడం దాదాపు ఉండదు. లద్దిలో గుడ్లు పడతాయి, పిల్లలు బయటికొచ్చి తడి గడ్డి మీదకి పాకుతాయి, గుర్రం ఆ గడ్డే తింటుంది, మళ్ళీ మొదటికి. ఎక్కువగా ఉండేవి చిన్న స్ట్రాంగైల్స్ అనే సన్నటి దారప్పోగుల్లాంటి పురుగులు. కొద్దిగా ఉంటే పెద్ద గుర్రం తట్టుకుంటుంది, పైకి ఏమీ తెలీదు కూడా. అందుకే ఎన్ని ఉన్నాయి, ఏ రకం, గుర్రం వయసెంత అని చూసుకోవాలి.

ఇది నాకు ఒక గుర్రప్పిల్ల పోయాక తెలిసింది. అయిదు నెలల పిల్ల, పొట్ట మాత్రం కుండలా ఉండేది, వెంట్రుక గరుకుగా, అప్పుడప్పుడు దగ్గు. చలికి దగ్గుతోందనుకున్నాం. ఎవరో నట్టలు అన్నారని మందుల షాపుకెళ్ళి అడిగి తెచ్చి, బరువు చూడకుండా, డాక్టర్ని అడక్కుండా ఒకేసారి పట్టేశా. మర్నాటికి పొట్ట వైపు తిరిగి చూసుకోవడం, కాళ్ళతో నేల గోకడం, పొర్లడం, ఒళ్ళంతా చెమట. డాక్టరుగారు వచ్చి గొట్టం వేశారు గానీ రాత్రి దాటలేదు. తర్వాత కోసి చూపించారు, చిన్నపేగు నిండా పెన్సిలంత లావు తెల్లటి ఏలికపాములు, తాడు పేనినట్టు, ఒక్కోటి జానెడు పైనే. మందుకి అన్నీ ఒకేసారి పడిపోయి పేగు మూసుకుపోయింది. గుర్రప్పిల్లల్లో ఇవి కాలేయం, ఊపిరితిత్తుల మీదుగా తిరిగి పేగులోకి వస్తాయంట, ఆ దగ్గు అందుకే. ముందే చూసుంటే నెమ్మదిగా పనిచేసే మందుతో మొదలుపెట్టేవాణ్ణి అన్నారు, ఆ మాట ఇప్పటికీ బాధపెడుతుంది. వీటి గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి చావవు, అందుకే ఆ పాక నేల తవ్వి మట్టి మార్చాం, లద్ది రోజూ ఎత్తేస్తాం.

పెద్ద గుర్రాలకీ ప్రమాదం లేకపోలేదు. చిన్న స్ట్రాంగైల్స్ పిల్లలు పేగు గోడలో నెలలు, ఒక్కోసారి రెండేళ్ళ దాకా దాక్కుంటాయి, వేలకి వేలు ఒకేసారి బయటపడితే విపరీతమైన విరేచనాలు, వైద్యం చేసినా అలాంటి గుర్రాల్లో సగం దాకా చనిపోతాయి. పెద్ద స్ట్రాంగైల్ పిల్లలైతే పేగుకి వెళ్ళే రక్తనాళంలో చేరి గడ్డ కట్టిస్తాయి.

ఇప్పుడు నేను చేసేది చెప్తా. తాజా లద్ది కవర్లో వేసి ల్యాబ్‌లో గుడ్లు లెక్కపెట్టిస్తా. పెద్ద గుర్రానికి గ్రాముకి 200 లోపు వస్తే సాధారణంగా మందు వెయ్యం, 500 దాటితే కచ్చితంగా వేస్తాం, మధ్యలో వస్తే డాక్టరుగారు చెప్పినట్టు. మందలో ఏ 20 శాతం గుర్రాలో 80 శాతం గుడ్లు విడుస్తాయంటారు, మా దగ్గరా ఒక ఆడగుర్రానికే ఎప్పుడూ ఎక్కువొస్తుంది. మందేసిన 14 రోజులకి మళ్ళీ లెక్క, ఎందుకంటే ఊరికే వేసి వేసి మందులకి పురుగులు అలవాటు పడిపోయాయి, చాలాచోట్ల ఫెన్‌బెండజోల్ అనే మందుకి చిన్న స్ట్రాంగైల్స్ చావట్లేదు, ఐవర్‌మెక్టిన్ అనే మందుకి ఏలికపాములు చావట్లేదు. మందు మోతాదుకి బరువు చూసుకోవాలి కదా, కాటా లేకపోతే ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దాంతోనే గుణించి, ఒంటి పొడవుతో (భుజం నుంచి పిరుదు దాకా) గుణించి 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. అయితే లద్దిలో గుడ్ల లెక్కలో పేగు గోడలో దాక్కున్నవి తెలీవు, బద్దెపురుగులు సరిగ్గా దొరకవు, పొట్టలో వేలాడే బాట్ ఈగ పురుగులూ కనపడవు. కాళ్ళ వెంట్రుకలకి పసుపు చుక్కల్లా అంటుకున్న గుడ్లు కనిపిస్తే అవి బాట్ ఈగవే, గీకి తీసెయ్యండి.

ఇంకోటి, మన దేశంలో పేగు పురుగుల్నే చూస్తే సరిపోదు. జోరీగలు అంటించే సర్రా ఉంది, రక్తంలో బతికే పరాన్నజీవి, 1880లో పంజాబ్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ గుర్రాలు, ఒంటెల రక్తంలోనే దీన్ని కనిపెట్టాడు. పిడుదుల వల్ల వచ్చే బబీసియా అనే రక్తపు జబ్బు ఇంకోటి. మా ఆడగుర్రం ఉలవలు బాగా తింటూనే చిక్కిపోయింది, జ్వరం వచ్చి పోతుండేది, కాళ్ళు, పొట్ట కింద వాపు. రెండుసార్లు నట్టల మందేసి నెల పోగొట్టుకున్నాం, చివరికి రక్తం స్లైడ్‌లో సర్రా అని తేలింది, ఇంజెక్షన్లతో కోలుకుంది. మీ గుర్రానికి లద్దితో పాటు రక్తం కూడా ఒకసారి చూపించండి, ఎప్పుడైనా జ్వరమొస్తే మాత్రం ఒళ్ళు కాలుతున్నప్పుడే తీయించండి, తగ్గాక తీస్తే స్లైడ్‌లో ఒక్కటీ కనపడకపోవచ్చు.