స్వలింగ ప్రేమ పాపమని అన్ని మతాలూ అంటాయా?

అన్నీ ఒకేలా అనవండీ, ఒక్క మతంలోనే రకరకాల మాటలుంటాయి. మన ఒడిశా బరంపురంలో ఠాకురాణి అమ్మవారి జాతరకి మగాళ్ళు మొక్కుకుని ఆడవేషం కడితే దండం పెడతాం, అదే కుర్రాడు మామూలు రోజుల్లో కూడా అలాగే ఉంటానంటే ఇంట్లోంచి గెంటేసేవాళ్ళున్నారు, నాకైతే ఇది చాలా బాధగా ఉంటుంది. శిఖండి, బృహన్నల కథలు వినే పెరిగాం కదా. మనుస్మృతిలో ఒకచోట మగాడు మగాడితో కలిస్తే బట్టలతో స్నానం చెయ్యమని చిన్న ప్రాయశ్చిత్తం చెప్పారు, ఆడపిల్లలకి మాత్రం జరిమానా, దెబ్బలు కూడా రాశారు, అది అన్యాయమే.

మన ఒడిశాలోనే గజపతి జిల్లాలో క్రైస్తవులు చాలామంది ఉన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి, కాథలిక్ చర్చి ఆ సంబంధం తప్పనే అంటుంది కానీ ఆ మనిషిని గౌరవంగా చూడాలనీ, అన్యాయంగా వివక్ష చూపొద్దనీ కూడా చెప్తుంది, 2023 డిసెంబర్లో పోప్ ఫ్రాన్సిస్ అలాంటి జంటలకి పెళ్ళి తంతులా కాకుండా మామూలు ఆశీర్వాదం ఇవ్వొచ్చన్నారు. ఇస్లాంలో ఎక్కువమంది పండితులు నిషిద్ధమంటారు, అయినా ఇరాన్‌లో అక్కడి మతనాయకుడు ఖొమేనీ ఇచ్చిన ఫత్వాతో లింగమార్పిడి ఆపరేషన్‌కి అనుమతి ఉంది.

చట్టం సంగతికొస్తే, 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు పెద్దవాళ్ళ ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చేసింది. పంతులుగారు చెప్పారనో పాస్టరుగారు చెప్పారనో పిల్లల్ని కొట్టి గదిలో బంధిస్తే మాత్రం అది నేరమే.