చీని తోటలో చక్రాల డబ్బా: బంగారం కుదువ పెట్టాలా?

అనంతపురం నుంచి ఒక మాస్టారు రాశారు. ఉత్తరం పెద్దది, అవసరమైనంత వరకే ఇస్తున్నా.

"సార్, నాకు 41 ఏళ్ళు, జడ్పీ హైస్కూల్లో టీచర్ని. చేతికి 62 వేలు వస్తుంది. మా ఆవిడ ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది, నెలకు ఓ 15 వేలు. ఇంటి లోను 18,500, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసేది) 8,000, చీటీ 10,000 కడుతున్నాం. రెండు లక్షల చీటీ, 20 నెలల్లో 12 అయిపోయాయి, ఇంకా పాడలేదు. ఎఫ్‌డీ 2,20,000 ఉంది. పాప తొమ్మిదో తరగతి. అమెరికా వాళ్ళు పాత ట్రావెల్ ట్రైలర్లను, అంటే కారు వెనక తగిలించుకుని లాగే చక్రాల ఇళ్ళను, బాగుచేసి, సెకండ్‌హ్యాండ్ సామాన్లతో ముచ్చటగా సర్దుకునే వీడియోలు రెండేళ్ళుగా చూస్తున్నా. ఇప్పుడు గాలిమరల పనులు చేసిన కాంట్రాక్టరు ఒకాయన సైట్ ఆఫీసుగా వాడిన చక్రాల కేబిన్ అమ్ముతున్నాడు, 2008 నాటిది, 1,35,000 చెప్పాడు. ఇంకో లక్షన్నర పెడితే బ్రహ్మాండంగా తయారవుతుంది, ఎటు చూసినా మూడు లక్షలు దాటదు. గండికోటకి వచ్చే టూరిస్టులకు అద్దెకిస్తే అప్పు అదే తీరిపోతుంది, వింటేజ్ విలువ కూడా పెరుగుతుంది. మా ఆవిడ బంగారం మీద లోను తీసుకోవాలా, పర్సనల్ లోను మేలా, లేక సిప్ కొన్నాళ్ళు ఆపేయనా?"

మాస్టారూ, మీరు మూడు దారులు చూపించి ఏదో ఒకటి ఎంచమన్నారు. నేను మూడూ వద్దంటున్నా. అలాగని డబ్బా కొనొద్దని అనడం లేదు. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

ముందు ఆ 'వింటేజ్' మాట తేల్చేద్దాం. మన దేశంలో వింటేజ్ వాహనం అనాలంటే 50 ఏళ్ళు దాటాలి. 2021లో కేంద్రం నియమాలు తెచ్చింది, అలాంటి బండికి నంబరులో 'వీఏ' అని వస్తుంది, కొత్తగా రిజిస్టర్ చేయించాలంటే 20 వేల ఫీజు, వ్యాపారానికి వాడకూడదు. అది కూడా టూవీలర్లకు, ఫోర్ వీలర్లకే. మీ డబ్బా 2008 నాటిది. అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ లాంటి పాత ట్రైలర్లకు ధర ఎందుకు పలుకుతుందంటే, ఆ కంపెనీ 1936లో తెచ్చిన క్లిప్పర్ దగ్గర్నుంచి అదే అల్యూమినియం ఒళ్ళు, అదే గుండ్రటి ఆకారం, వాటిని వెతికి కొనే పిచ్చివాళ్ళు దేశమంతా ఉన్నారు. కాంట్రాక్టరు ఇనప డబ్బాని వెతికి కొనేది మీరొక్కరే, రేపు అమ్మబోతే బేరం చేసేది గుజిరీ అంగడాయన, ఆయన కేజీల్లో మాట్లాడతాడు. కాబట్టి దీన్ని ఆస్తి కింద రాసుకోకండి, సరదా కింద రాసుకోండి. సరదా తప్పేం కాదు, మా పక్కింటాయన పావురాల మీద ఇంతకన్నా ఎక్కువే ఖర్చు పెడతాడు. కానీ సరదాకి బంగారం కుదువ పెట్టరు.

పైగా ఆ బంగారం మీది కాదు కదా. మీ ఉత్తరంలో ఆవిడ ఏమన్నారో ఒక్క ముక్క కూడా లేదు, నాకు మొదట కనిపించింది అదే. రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన నియమాల ప్రకారం రెండున్నర లక్షల లోపు లోనుకి బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు, బ్యాంకులో అరగంటలో పనైపోతుంది. తిప్పలంతా తర్వాతే. రెండు లక్షలు తీసుకుని ఏడాది చివర్లో కడదాం అనుకుంటే పది శాతం చొప్పున 20 వేలు వడ్డీ, ఆ రోజుకి డబ్బా ఇంకా సగం పనిలోనే ఉంటుంది, మీరు వడ్డీ మాత్రం కట్టి నగని మళ్ళీ అక్కడే పెడతారు. ఇలా మూడేళ్ళు తిరగరాసిన వాళ్ళు నా దగ్గరకు నెలకొకరైనా వస్తుంటారు. పర్సనల్ లోను అంటారా, మూడు లక్షలు 14 శాతానికి మూడేళ్ళంటే నెలకు దాదాపు 10,250, మొత్తం వడ్డీ 69 వేలు. మీ 77 వేలల్లో 36,500 ముందే పోతోంది, మిగిలిన నలభైలో ఇల్లు గడవాలి. ఇంకో పదివేలు ఎక్కడ దూరుతుంది చెప్పండి? మగ్గం పనికి పెళ్ళిళ్ళ సీజను, ఆషాఢం తేడా ఎలా ఉంటుందో నాకన్నా మీ ఇంట్లోనే బాగా తెలుసు.

సిప్ ఆపడం మాత్రం అస్సలు వద్దు. మీ వయసు బట్టి 2004 సెప్టెంబర్ తర్వాతే ఉద్యోగంలో చేరి ఉంటారు, అంటే పాత పెన్షన్ లేదు, జీతంలోంచి మీరూ కట్టే సీపీఎస్ పెన్షనే. 62కి రిటైరైనప్పుడు ఆ సిప్పే మీకు రెండో ఆధారం. రెండేళ్ళు ఆపితే 1,92,000 ఆగుతుంది, అదే సొమ్ము ఆ తర్వాత 19 ఏళ్ళు పది శాతం చొప్పున పెరిగితే 11 లక్షలు దాటుతుంది. పది శాతం గ్యారంటీ కాదు, నిజమే, కానీ సైట్ కేబిన్ పదకొండు లక్షలు కాదన్నది మాత్రం గ్యారంటీ.

ఇక మీ మూడు లక్షల లెక్క. ఇక్కడ మీతో గొడవ పడాలి. మీ లిస్టులో ఉన్నవన్నీ కొనే వస్తువులే: పాత టేకు బల్ల, రైలు బెర్తులు, ఇత్తడి గంగాళం, ధర్మవరం పాత పట్టుచీరలతో కర్టెన్లు, నిమ్మలకుంట తోలు దీపాలు. చదువుతుంటే నాకూ నోరూరింది, అబద్ధమెందుకు. కానీ వాటిని బిగించేవాడి కూలి, తెచ్చే ఆటో బాడుగ, కోత, పాలిష్ ఒక్కటీ లేదు. పాత సామాను చవకే, దాన్ని పనికొచ్చేలా చేసుకోవడం చవక కాదు.

నా సంగతే చెప్తా. నాలుగేళ్ళ కింద ప్రొద్దుటూరులో ఒక పాత మిద్దె పడగొడుతుంటే జత టేకు తలుపులు ఆరు వేలకి వచ్చాయి, కొట్టేశాననుకున్నా. కడపకి తేవడానికి ట్రాలీ ఆటో 1,800. వడ్రంగి రంద పెట్టగానే కణ్ మని చప్పుడు, లోపల తల విరిగిన మేకు, పైకి కనిపించనే లేదు, కొత్త బ్లేడు 900. అలాంటివి పదకొండు మేకులు లాగాడు, ఒక్కోటి బయటికి వచ్చినప్పుడల్లా నా మొహం కేసి చూసేవాడు. నాలుగు రోజుల కూలి రోజుకి 1,200 చొప్పున 4,800, పాలిష్ 2,500. మొత్తం 16 వేలు. తీరా చూస్తే అవి మా గడపకన్నా రెండంగుళాలు పొట్టి, ఇప్పుడు షెడ్డులో గోడకి ఆనించి ఉన్నాయి, వాటి వెనక పిల్లి ఈనింది.

మీ కేబిన్ లెక్క నేను మళ్ళీ వేశా. డబ్బా 1,35,000. రోడ్డు మీద లాగాలంటే యాక్సిల్, బేరింగులు, టైర్లు, కొక్కెం, జాకీ కలిపి 55 వేలు. పైకప్పు, అడుగు ప్లైవుడ్ 60, వైరింగు 35, ఎండ ఆపే పొర 30, వడ్రంగి 45, మీ పాత సామాన్లు 40, బాడుగలు 15. ఇంతవరకే 4,15,000. పాతదాన్ని విప్పితే లోపల ఇంకోటి బయటపడుతుంది కాబట్టి పని ఖర్చు మీద ఇరవై శాతం పక్కన పెట్టండి, 56 వేలు. అంటే 4,71,000. మీ మేస్త్రి అంకెలు అటూ ఇటూ ఉండొచ్చు, మూడు లక్షలకి మాత్రం రావు.

ఎండ సంగతి ఎందుకు ఎత్తానంటే, ఆ వీడియోల్లో వాళ్ళు భయపడేది నీటికి. కప్పు అతుకుల్లోంచి, కిటికీ అంచుల్లోంచి వాన చెమ్మ దిగి, పైకి అల్యూమినియం తళతళలాడుతుండగానే లోపలి చెక్క ఫ్రేము పుచ్చిపోతుంది, అందుకే ముందు గోడలు ఊడదీసి చూస్తారు. మనకి వాన తక్కువ, కారేదీ తెలియదు, రెండేళ్ళకి ఒక గట్టి వాన వచ్చినప్పుడు గానీ బయటపడదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటిన ఎండలో ఇనప డబ్బా అంటే రొట్టెల పొయ్యే. చెదలు సరేసరి. ఆ 30 వేల పొర లేకుండా పట్టు కర్టెన్లు వేసుకుంటే కర్టెన్లే మిగులుతాయి, లోపల మనిషి ఉండలేడు.

కాగితాలు ఇంకో తలనొప్పి. మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా వాహనమే, దానికి సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. సైట్‌లో ట్రాక్టరుతో లాక్కుంటూ తిప్పిన డబ్బాకి ఆర్‌సీ ఉందా? ఉంటే అందులో రాసినదానికీ మీరు చేయబోయే మార్పులకీ పొంతన ఉండాలి, 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా మార్చకూడదు. ఆర్‌సీ లేని డబ్బాని కారు వెనక తగిలించుకుని తాడిపత్రి రోడ్డు ఎక్కి, ఖర్మ కాలి ఎవరికైనా తగిలితే, ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెట్టకుండా ఉండదు. గండికోట అద్దె ముచ్చట కూడా ఇందులోనే కొట్టుకుపోతుంది: సొంత వాడకం బండిని కిరాయికి తిప్పకూడదు, మీ ఊరి నుంచి వంద కిలోమీటర్లకు పైన, జనం వచ్చేది ఎక్కువగా చలికాలం, పైగా మీరు ప్రభుత్వ టీచరు. 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదని మీకు నేను చెప్పాలా! అద్దె ఆదాయం సున్నా అని రాసుకుని, అప్పుడు కూడా మనసు అటే లాగుతోందా అని చూసుకోండి.

లాగుతోందనే అనుకుంటున్నా. ఎందుకంటే మీరు ఉత్తరం చివర్లో ఊరికే ఒక మాట అన్నారు, గార్లదిన్నె దగ్గర నాన్నగారి చీని తోట ఉందని. నాకైతే అసలు జవాబు అక్కడే కనిపించింది. డబ్బాని రోడ్డెక్కించడం మానేయండి. లారీ మీద తెచ్చి తోటలో చెట్టు నీడన, ఇటుక దిమ్మెల మీద నిలబెట్టండి. యాక్సిల్, టైర్లు, కొక్కెం ఖర్చు 55 వేలు ఎగిరిపోతుంది. వైరింగు 20కి దిగుతుంది, కదలదు కాబట్టి వడ్రంగి పని 30లో అవుతుంది. డబ్బా ధర 1,10,000కి బేరమాడండి, ఏడాదిగా ఎండలో పడున్న సరుకది. అన్నీ కలిపితే మూడు లక్షల దగ్గరకొస్తుంది. మీరు కలగన్న అంకె అదే. పక్కన పెట్టమన్న ఆ ఇరవై శాతంలో మీ చేతి పనితో పొదుపు చేసుకోండి, వేసవి సెలవులు ఎలాగూ ఉన్నాయి. ఒక్క జాగ్రత్త, తోటలో బోరుకిచ్చే ఉచిత కరెంటు వ్యవసాయానికే, దాంట్లోంచి ఫ్యాను తిప్పారంటే కేసవుతుంది, వేరే మీటరు పెట్టించుకోండి లేదా చిన్న సోలార్ పలక పెట్టుకోండి. ఇంకో మాట, మీ లిస్టులో వంటగట్టుకి కడప బండ అని ఉంది. ముప్పావు అంగుళం మందం బండ చదరపు అడుగుకి ఐదు కేజీల దాకా తూగుతుంది, పన్నెండు చదరపు అడుగుల గట్టు అంటే అరవై కేజీలు ఒకే పక్కన. కింద ఇటుక దిమ్మె ఉన్న చోటే వేయించండి, ప్లైవుడ్ నడిమధ్యలో కాదు.

డబ్బు ఎక్కడిదంటే, మీ చీటీయే. ఇప్పుడే తొందరపడి పాడుకుంటే తగ్గింపు కింద పోగొట్టుకుంటారు, ఎనిమిది నెలలు ఆగితే కమిషన్ ఐదు శాతం పోను 1,90,000 చేతికొస్తుంది. రిజిస్టరైన చీటీయేనా అన్నది మాత్రం ఇవాళే కనుక్కోండి, కాకపోతే నా సలహా మారుతుంది. వచ్చినదాంట్లో 90 వేలు పాప ఇంటర్ ఫీజుకి వేరే ఖాతాలో వేయండి, లక్ష డబ్బాకి. అప్పట్నుంచి నెలనెలా మిగిలే పదివేలల్లో ఏడు డబ్బా పనికి, మూడు సిప్‌లోకి. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, అది జ్వరాలకీ చావులకీ దాచింది. ఈ లెక్కన డబ్బా పూర్తవడానికి చీటీ తర్వాత రెండేళ్ళు పైనే పడుతుంది. ఈలోగా ఎవరైనా కొనేస్తే? కొననీండి. మన జిల్లాల్లో గాలిమరల పనులు, సోలార్ పనులు జరుగుతున్నంత కాలం కాంట్రాక్టర్లు ఇలాంటివి వదిలించుకుంటూనే ఉంటారు.

ఈ ఎనిమిది నెలలూ చేతులు కట్టుకు కూర్చోమనడం లేదు. నెలకు 2,500 సామాన్ల వేటకి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం వంగి వంగి వెతుకుతారే, గుజిరీ అంగట్లో మీరూ అంత ఓపిగ్గా ఉండాలి. జేబులో టేపు, డబ్బా లోపలి కొలతలు రాసిన చీటీ లేకుండా అంగడి మెట్లెక్కొద్దు, నా తలుపులు గుర్తున్నాయిగా. రైలు బెర్తులు కావాలని గుంతకల్లు వెళ్ళి లాభం లేదు, రైల్వే స్క్రాప్ ఆన్‌లైన్ వేలంలో లాట్లుగా పోతుంది, నాలుగు బెర్తులు విడిగా అమ్మరు, అక్కడ కొన్న వ్యాపారి దగ్గరే బేరం. చెక్క, ఇత్తడి, గుడ్డ పాతవి కొనండి. వైరు, స్విచ్చులు, గ్యాస్ ట్యూబు, బ్యాటరీ పాతవి ఊరికే ఇచ్చినా తేవద్దు. ప్రతి వస్తువు పక్కనా రెండు గళ్ళు గీసి, కొన్న ధర ఒకదాంట్లో, బిగించి పూర్తయ్యేసరికి అయిన ధర ఇంకోదాంట్లో రాయండి. నోటుబుక్కు మీ ఆవిడ దగ్గర ఉంటే ఇంకా మంచిది.

వచ్చే ఆదివారం డబ్బా చూడ్డానికి మళ్ళీ వెళ్తానన్నారు కదా, ఒక స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళండి. మూలల్లో, తలుపు కింద, కిటికీ కింద అడుగు చెక్కని పొడిచి చూడండి, మెత్తగా దిగితే ప్రతి మూలకీ ఐదువేలు తగ్గించి అడగండి. టైరు పక్కన 'డాట్' అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి, 1409 అని ఉంటే 2009లో 14వ వారం తయారైందని అర్థం. మీరు టైర్లు వాడకపోయినా ఆ అంకె బేరంలో పనికొస్తుంది, టైర్లు ఎంత పాతవో చెప్పేస్తుంది. ఆర్‌సీ ఉంటే దానిదో ఫోటో, ఆ టైరుదో ఫోటో నాకు పంపండి, ధర సంగతి అప్పుడు మాట్లాడదాం.