సంతకం నాదే, రాజీనామా నాది కాదు

ప్రశ్న: తిరుపతి జిల్లాలోని ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో 2019 జూన్‌లో చేరాను. బోర్డుల మీద సోల్డరింగ్ సరిగా ఉందో లేదో చూసే పని. సూపర్‌వైజర్ తిట్లు పడుతూ, కాళ్లు వాచినా లీవు పెట్టకుండా మూడు షిఫ్టులూ చేశాను. 2024 నవంబర్ 18న హెచ్‌ఆర్ గదికి పిలిచి, ఫోన్ బయట పెట్టించి, ‘కుటుంబ కారణాలు’ అని ముందే టైపు చేసిన రాజీనామా మీద సంతకం పెట్టించుకున్నారు. పెట్టకపోతే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇచ్చేది లేదన్నారు. కాగితం కాపీ నేను అడగలేదు. బయటికి రాగానే మా అక్కకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాను, తర్వాత ఫోన్ మార్చినప్పుడు నా దగ్గర అది పోయింది. ఆ రోజే మా లైన్‌లో ఇంకో పదకొండు మందికీ ఇదే జరిగింది. తర్వాత బ్యాంకులో సెటిల్‌మెంట్ డబ్బు పడింది. ఏడాదిన్నర దాటింది. మర్నాడే అభ్యంతరం చెప్పినట్టు పాత తేదీతో ఒక లెటర్ తయారు చేద్దామని తెలిసినాయన అంటున్నారు. నాకు న్యాయం జరుగుతుందా?
— ఒక పాఠకురాలు, నాయుడుపేట

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం సూపర్‌వైజర్ తిట్ల గురించీ, మీరు పడ్డ కష్టం గురించీ ఉంది. కేసును తేల్చేది అది కాదమ్మా. ఈ రాజీనామా మీ ఇష్టంతో ఇచ్చింది కాదని మొదటిసారి ఎవరికి, ఎప్పుడు చెప్పారు? చెప్పినట్టు ఆధారం ఏముంది? అంతా దీని మీదే నడుస్తుంది.

సంతకం మీదేనని మీరే ఒప్పుకుంటున్నారు. కాబట్టి బలవంతం జరిగిందని రుజువు చేయాల్సింది మీరే. అవతలి లాయర్ మూడే మాటలంటాడు: సంతకం పెట్టింది, డబ్బు తీసుకుంది, ఏడాదిన్నర నోరెత్తలేదు. ఆ వారంలోనే మేనేజ్‌మెంట్‌కు ఒక రిజిస్టర్డ్ పోస్టు పంపి, కాపీ కార్మిక శాఖకు ఇచ్చి ఉంటే ఈ మూడో మాట అనే వీలుండేది కాదు. చదువుకున్న అమ్మాయి అయి ఉండి సంతకం పెట్టిన కాగితం కాపీ కూడా అడగకపోవడం, ఫోన్ మార్చినప్పుడు వాట్సాప్ బ్యాకప్ తీసుకోకపోవడం పెద్ద అశ్రద్ధ.

అలాగని పాత తేదీ లెటర్ జోలికి మాత్రం వెళ్లకండి. పంపినట్టు పోస్టాఫీసు రసీదు ఏదని అడిగితే ఏం చూపిస్తారు? నకిలీ పత్రం సృష్టించడం, దాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద నేరాలు. అంతకన్నా ముఖ్యం, ఆ ఒక్క కాగితం అబద్ధమని తేలితే మీరు చెప్పే నిజాన్నీ జడ్జి నమ్మరు. ఆ సలహా ఇచ్చినాయన బోనెక్కడు, ఎక్కేది మీరు.

మీకు అంతకన్నా గట్టి సాక్ష్యం ఉంది, మీరు దాన్ని మాటవరసకు రాసి వదిలేశారు. బయటికి రాగానే మీ అక్కకు వాయిస్ మెసేజ్ పెట్టానన్నారు కదా. మీ ఫోన్‌లో పోయినా ఆవిడ ఫోన్‌లో ఉండాలి. ఆ ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు, మెసేజ్‌ను ఎడిట్ చేయొద్దు. దాన్ని కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అది మీ లాయర్ చూసుకుంటారు.

రెండోది, ఆ పదకొండు మంది. ఒకే రోజు, ఒకే లైన్‌లో పన్నెండు మందికీ ‘కుటుంబ కారణాలు’ పుట్టుకొచ్చాయా? పేరు, ఐడీ నంబరు మాత్రమే చేత్తో నింపిన ఒకే టైపు కాగితం పన్నెండుసార్లు కనిపిస్తే, అది రాజీనామా ముసుగులో రిట్రెంచ్‌మెంట్ (యాజమాన్యమే ఉద్యోగులను తగ్గించుకోవడం) అని వాదించవచ్చు. అప్పుడు అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం 25-ఎఫ్ ప్రకారం నెల నోటీసు లేదా నెల జీతం, సర్వీసు నిండిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. ఆ అసలు కాగితాలు కోర్టుకు తెమ్మని మేనేజ్‌మెంట్‌ను అడిగించవచ్చు. వాళ్లలో కనీసం ఇద్దరు ముగ్గురు సాక్ష్యానికి వస్తారేమో ఇప్పుడే మాట్లాడండి.

ఇక గడువు. పాత చట్టంలో తొలగింపు మీద కార్మికులే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లడానికి మూడేళ్లు ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని రెండేళ్లకు తగ్గించింది. మీ సంఘటన పాత చట్టం నాటిదే కాబట్టి మూడేళ్లని వాదించవచ్చు. కానీ ఆ వాదన మీద బతుకు పందెం కాయకండి. 2026 నవంబర్ 18నే ఆఖరి రోజు అనుకోండి. ముందు కార్మిక శాఖలోని కన్సిలియేషన్ (రాజీ కుదిర్చే) అధికారికి దరఖాస్తు ఇచ్చి, 45 రోజులు గడిచాకే కార్మిక వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లగలరు. అందుకే ఈ నెలలోనే దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

గ్రాచ్యుటీ, అంటే సర్వీసును బట్టి ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం, మాత్రం వేరే లెక్క. అయిదేళ్లు నిండాయి కనుక రాజీనామా నిజమైనదే అనుకున్నా అది మీ హక్కు. చివరి నెల మూల వేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి 12,000 అయితే, 15తో హెచ్చించి 26తో భాగించి అయిదేళ్లకు కడితే దాదాపు 34,615 రూపాయలు వస్తుంది. సెటిల్‌మెంట్ స్లిప్పులో ఆ పద్దు ఉందో లేదో చూడండి. లేకపోతే దానికి విడిగా అర్జీ పెట్టండి.

లాయర్ ఫీజు టెన్షన్ వద్దు. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, అక్క ఫోన్ తీసుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.